మాట వినని పేషెంటు

వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడల్లా దోమల గురించో, చేతులు కడుక్కోవడం గురించో రాసి పంపుతూ వచ్చాం. అవీ అవసరమే, కాదనం. కానీ ఏటా అవే రాస్తే చదివేవాళ్ళకు విసుగు, రాసే మాకూ విసుగు. అందుకని ఈసారి ముగ్గురం కూర్చుని, మన ఇళ్ళలో ఆసుపత్రికి పోయి వచ్చిన రోజు రాత్రి చెప్పుకునే సంగతి ఒకటి రాద్దామని అనుకున్నాం.

మేము ముగ్గురం అగళిలో మన హాస్టల్ అన్నం తిని పెద్దయినవాళ్ళమే. ఇప్పుడు ఒకరం స్టాఫ్ నర్సు, ఒకరం ల్యాబ్ టెక్నీషియన్, ఒకరం టి.బి. విభాగంలో సూపర్‌వైజర్. అంటే ఆసుపత్రి బల్లకు అటువైపు నిలబడే ఉద్యోగాలు. అయితే అంతకు ముందు చాలా ఏళ్ళు ఇటువైపు, వరండాలో చీటీ పట్టుకుని, మా అవ్వలనూ నాయనలనూ వెంటబెట్టుకుని నిలబడినవాళ్ళం. రెండు వైపులా మాకు వినిపించిన మాట ఒకటుంది. "ఈ పేషెంటు మాట వినడు."

ఇటువైపు ఉన్నప్పుడు ఆ మాట వింటే తల దించుకున్నాం. అటువైపు పోయాక మేమూ అన్నాం. ఒకసారైతే రాశాం కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాం.

ఆసుపత్రిలో ఈ మాటకు చాలా పేర్లున్నాయి. సూది వేయించుకోకుండా చెయ్యి లాక్కుంటే కేస్‌షీట్‌లో 'అన్‌కోఆపరేటివ్' అని పడుతుంది. మందులు సరిగ్గా వేసుకోకపోతే 'నాన్ కంప్లయంట్'. డాక్టర్ వద్దన్నా ఇంటికి పోతామంటే 'లామా', అంటే వైద్య సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోయాడని. చెప్పకుండా పోతే 'అబ్‌స్కాండెడ్'. ఇదే మాట పోలీస్ స్టేషన్లో పారిపోయిన దొంగకు వాడతారు. టి.బి. మందులు మధ్యలో ఆపేస్తే 'డిఫాల్టర్'. బ్యాంకులో పంట అప్పు కట్టలేనివాడికి వచ్చే నోటీసులో ఉండే మాట కూడా అదే. ఇవన్నీ ఇంగ్లీషు మాటలు కాబట్టి మన పెద్దవాళ్ళకు అర్థం కావు. కానీ ఆ కాగితం పట్టుకుని పై ఆసుపత్రికి పోతే, అక్కడి డాక్టర్ ముందు మనిషిని కాదు, ఆ మాటను చూస్తాడు.

ఇది మన దగ్గరే ఉన్న జాడ్యం కాదు. అమెరికాలో 1978లో శామ్యూల్ షెమ్ అనే కలం పేరుతో ఒక డాక్టర్ 'ది హౌస్ ఆఫ్ గాడ్' అనే నవల రాశాడు. జూనియర్ డాక్టర్లు తమలో తాము వాడుకునే 'గోమర్' అనే మాట దాంతో లోకమంతా తెలిసింది. నా ఎమర్జెన్సీ గదిలోంచి బయటికి పో అనే ఇంగ్లీషు వాక్యంలోని మొదటి అక్షరాలు కలిపిన మాట అది. ముసలివాళ్ళను, నయం కాని జబ్బులతో మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళను అట్లా పిలుచుకునేవారు. ఇంగ్లండులో 1988లో టామ్ ఓడౌడ్ అనే డాక్టర్ 'హార్ట్‌సింక్ పేషెంట్లు' అని రాశాడు. తలుపు తీసుకుని వాళ్ళు లోపలికి వస్తుంటేనే డాక్టర్ గుండె కిందికి జారిపోతుందట. ఆ మాటలో ఒక నిజాయితీ ఉంది. జారేది డాక్టర్ గుండె, పేషెంటుది కాదు.

ఈ నిజాయితీని అంతకు ముందే ఇంకా లోతుగా చూపించినవాడు జేమ్స్ గ్రోవ్స్ అనే మానసిక వైద్యుడు. 1978లోనే ఒక పెద్ద వైద్య పత్రికలో, డాక్టర్లకు అసహ్యం కలిగించే పేషెంట్ల గురించి వ్యాసం రాశాడు. డాక్టర్లు పైకి చెప్పరు గానీ కొందరు పేషెంట్లంటే వాళ్ళకు నిజంగానే గిట్టదని ఒప్పుకుని, అట్లాంటివాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు. ఎంత చేసినా చాలదని పట్టుకుని వదలనివాళ్ళు ఒక రకం. గద్దించి, బెదిరించి వైద్యం చేయించుకునేవాళ్ళు రెండో రకం. మీ మందు ఏదీ పనిచేయలేదని ప్రతిసారీ వచ్చి చెప్పేవాళ్ళు మూడో రకం. తాగుడు లాంటివి మానకుండా తమను తామే నాశనం చేసుకునేవాళ్ళు నాలుగో రకం. మొదటివాళ్ళను చూస్తే డాక్టర్‌కు పారిపోవాలనిపిస్తుంది, రెండోవాళ్ళ మీద తిరగబడాలనిపిస్తుంది, మూడోవాళ్ళ ముందు తనకేమీ చేతకాదనిపిస్తుంది, నాలుగోవాళ్ళు పోతే పీడా పోతుందనే పాపపు ఆలోచన కూడా వస్తుందన్నాడు. ఇంత మాట ఒక డాక్టర్ అచ్చులో రాయడం అప్పట్లో సాహసమే.

మాకు నచ్చింది ఆ నాలుగు పెట్టెలు కాదు. మనుషులను పెట్టెల్లో వేయడంతోనే సగం గొడవ మొదలవుతుంది. ఆ కోపం, ఆ విసుగు కూడా ఒక లక్షణమేనని, జ్వరాన్ని థర్మామీటర్ చూపినట్టు పేషెంటు పరిస్థితిని డాక్టర్ మనసులో పుట్టే చిరాకు చూపుతుందని, దాన్ని దాచుకోకుండా గమనించాలని ఆయన చెప్పిన సంగతి మాకు నచ్చింది. గద్దించేవాడితో వాదన పెట్టుకోవద్దన్నాడు. 'నీకు మంచి వైద్యం అందాల్సిందే, అది నీ హక్కే, దానికి ఇద్దరం కలిసి పనిచేద్దాం' అని అతని పంతాన్ని వైద్యం వైపు తిప్పమన్నాడు. వదలనివాళ్ళకు మళ్ళీ ఎప్పుడు రావాలో, ఎంతసేపు మాట్లాడతామో ముందే చెప్పమన్నాడు. ఏ మందూ పనిచేయదనేవాళ్ళతో 'పూర్తిగా తగ్గకపోవచ్చు, అయినా నేను చూస్తూనే ఉంటా' అనమన్నాడు. డాక్టర్ వదిలేస్తాడనే భయమే వాళ్ళలో ఎక్కువట.

అసలు విసుగు వల్ల నష్టం ఎవరికి? నెదర్లాండ్స్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షపెట్టి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణలో ఉన్న డాక్టర్లకు కాగితం మీద కేసులు ఇచ్చి జబ్బు ఏమిటో చెప్పమన్నారు. కొందరికి ఇచ్చిన కాగితంలో పేషెంటు మామూలు మనిషి. మరికొందరికి అదే జబ్బు, అవే లక్షణాలు, కానీ పేషెంటు గొడవపడే మనిషి. చిక్కు జబ్బుల్లో గొడవపడే మనిషి విషయంలో తప్పులు 42 శాతం ఎక్కువ వచ్చాయి. తేలిక జబ్బుల్లో 6 శాతం ఎక్కువ. కాగితం మీది మనిషికే ఇట్లా అయితే, ఎదురుగా నిలబడి అరిచే మనిషి సంగతి చెప్పాలా? బుర్రంతా ఆ మనిషి ప్రవర్తన మీదే ఉంటుంది, జబ్బు లక్షణాలు చేజారిపోతాయి.

రాసిన మాట కూడా అంతే పని చేస్తుంది. అమెరికాలో 2018లో ఒకే పేషెంటు గురించి రెండు రకాలుగా కేస్‌షీట్ రాసి వైద్య విద్యార్థులకు, జూనియర్ డాక్టర్లకు ఇచ్చారు. ఒకటి మామూలు భాషలో, ఒకటి చులకన భాషలో. చులకన భాష చదివినవాళ్ళకు ఆ పేషెంటు మీద సదభిప్రాయం తగ్గింది, నొప్పికి ఇస్తామన్న మందూ తగ్గింది. 2022లో షికాగోలో 40 వేల పైచిలుకు కేస్‌షీట్ రాతలు వెతికి చూస్తే, 'మాట వినడు', 'గొడవ చేస్తాడు' లాంటి మాటలు పడే అవకాశం తెల్లవాళ్ళకన్నా నల్లవాళ్ళకు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అక్కడ రంగు. ఇక్కడ ఏమిటో ఈ సంచిక చదివేవాళ్ళకు మేము విడమరిచి చెప్పనక్కర్లేదు.

దూరం పోయాం. ఇప్పుడు దగ్గరికి వద్దాం. మన అగళి నుంచి పడమటికి సరిహద్దు దాటితే సిరా తాలూకా, తుమకూరు జిల్లా. మనవాళ్ళకు పెళ్ళి సంబంధాలూ, సంతలూ అటే ఎక్కువ. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టాక, దాని పరిశోధకులు ఈ తుమకూరు జిల్లా పల్లెల్లోనే తిరిగి ఒక పెద్ద ప్రశ్నకు జవాబు వెతికారు. అప్పట్లో పట్నం డాక్టర్ల నమ్మకం ఏమిటంటే, పల్లెజనానికి జబ్బు మీద ధ్యాస ఉండదు, మూఢనమ్మకాలు ఎక్కువ, ఆసుపత్రికి రమ్మన్నా రారు, కాబట్టి ముందు వాళ్ళకు బుద్ధి చెప్పాలి. దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు 1963లో అచ్చువేసిన అధ్యయనం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. క్షయ ఉన్నవాళ్ళలో చాలామందికి తమ దగ్గు సంగతి తెలుసు, దాని గురించి బెంగ కూడా ఉంది. సగానికి పైగా మనుషులు అప్పటికే వైద్యం కోసం పోయి వచ్చారు. పోయినవాళ్ళకు అక్కడ దొరికింది తెమడ పరీక్ష కాదు, ఒక సీసా దగ్గు మందు.

ఒక్క నిమిషం ఆగి ఆ దృశ్యం ఊహించుకోండి. కూలి పోగొట్టుకుని, నడిచో బండెక్కో పోయి, వరుసలో నిలబడి, దగ్గు సీసా పట్టుకుని ఇంటికొచ్చిన మనిషి. మళ్ళీ ఎందుకు పోతాడు? పోకపోతే అతని పేరు 'మాట వినని పల్లెటూరివాడు'. ఆ అధ్యయనం తర్వాత దేశం తన క్షయ కార్యక్రమాన్నే మార్చుకుంది. మనుషులను వెతుక్కుంటూ ఎక్స్‌రే బండ్లు తిప్పడం కన్నా, దగ్గుతో తామై ఆసుపత్రికి వచ్చినవాళ్ళ తెమడ అక్కడే పరీక్ష చేయాలన్న పద్ధతి ముందుకొచ్చింది. మన పక్క జిల్లా పల్లెజనం చెప్పిన జవాబుల వల్ల జరిగిన పని ఇది. మన పాఠాల్లో ఎక్కడా చెప్పలేదు.

దానికి కొంచెం ముందు మద్రాసులో ఇంకో పరీక్ష జరిగింది. క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో నెలల తరబడి పడకేయాలని, పేదవాళ్ళ ఇరుకు ఇళ్ళలో, అరకొర తిండితో మందు పనిచేయదని, వాళ్ళు మాత్రలు మింగరని అప్పటి నమ్మకం. 1956లో మొదలైన మద్రాసు కేంద్రం సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇంట్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. 1959లో లెక్క చూస్తే ఇద్దరికీ దాదాపు సమానంగా నయమైంది. తిండి మాత్రం శానిటోరియం వాళ్ళదే మేలు. అయితే అదే అధ్యయనం ఇంకో నిజం కూడా చెప్పింది. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు నెలల పాటు మాత్రలు తప్పకుండా మింగేలా చూడడమే అన్నిటికన్నా కష్టమైన పని. దగ్గు పోయాక మాత్ర ఎందుకు అనిపిస్తుంది. ఇది పేదకూ పెద్దకూ ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం ధనిక దేశాల్లో కూడా దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్ళలో సుమారు సగం మందే మందులు సరిగ్గా వాడతారు. అంటే ఈ లెక్కన 'మాట వినని పేషెంటు' అనేవాడు ప్రత్యేకమైన జాతి కాదు. మాత్ర ఇచ్చే మేము కూడా మా గ్యాస్ మాత్రలు, బి.పి. మాత్రలు మర్చిపోతూనే ఉంటాం.

ఇక మేము రాశామన్న సంగతి. ఇది 2009లో. ఏ కేంద్రం, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం. అప్పట్లో డాట్స్ పద్ధతిలో ప్రతి పేషెంటుకు పేరు రాసిన మందుల డబ్బా ఒకటి కేంద్రంలో ఉండేది. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు వచ్చి, మా కళ్ళముందే మింగాలి. మన హాస్టల్లో చదువుతున్న ఒక పిల్లవాడి నాయన ఆ వరుసలో ఉండేవాడు. పొద్దున్నే రావాలి, వస్తే ఆ రోజు కూలి సగం పోతుంది. ఒకరోజు రాలేదు. మరుసటి సారి వచ్చినప్పుడు వరుసలో అందరి ముందు గట్టిగా తిట్టాం. "సర్కారు వేల రూపాయల మందు ఊరికే ఇస్తే నీకు లెక్కలేదా?" అన్నాం. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒక్కరోజూ తప్పలేదు. చూశారా, తిడితేనే దారికొస్తారని మేము సంబరపడ్డాం.

మూడో నెలలో ఆయన మాయమయ్యాడు. ఇంటికి రెండుసార్లు పోయాం, తాళం. బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. కార్డు మీద 'డిఫాల్టర్' అని రాసి సంతకం పెట్టాం. నియమం ప్రకారం అది తప్పు కాదు.

ఐదు నెలల తర్వాత తిరిగొచ్చాడు. సగం మనిషి. తెమడలో మళ్ళీ క్రిములు. బెంగళూరులో కూడా ఇదే మందు ఊరికే ఇస్తారు, ఒక ఫారం రాసిస్తే మీ డబ్బా లెక్క అక్కడికి మారుతుంది, పోయేముందు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాం. ఆయనన్న మాట ఇది: "పోతానంటే తిడతారని చెప్పల్యా సామీ. ఒగ దినం రాకపోతేనే అంత మాటంటిరే."

ఆ తిట్టు పనిచేసిందనే అనుకున్నాం కదా. పనిచేసింది. మాత్ర మింగించింది, నోరు మూయించింది. ఆయన రెండోసారి పూర్తి మందు వాడి బాగయ్యాడు. కానీ ఇల్లు చూసుకోవడానికి పదో తరగతి మధ్యలో పోయిన కొడుకు ఆ ఏడు పరీక్ష రాయలేదు. మరుసటి ఏడు రాశాడు. ఆ ఒక్క ఏడాది ఎవరి ఖాతాలో రాయాలో మాకు తెలుసు.

2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటనే తీసేసింది. ఇప్పుడు డిఫాల్టర్ అనరు, 'ఫాలో అప్‌లో తప్పిపోయినవారు' అంటారు. 'టి.బి. సస్పెక్ట్', అంటే అనుమానితుడు అనే మాట కూడా పోయింది. మాట మారితే ఏమొస్తుందని మా కొలీగులు కొందరు నవ్వారు. ఒకటొచ్చింది. మనిషి తప్పిపోయాడంటే వెతకాల్సింది మనం. ఎగ్గొట్టాడంటే కట్టాల్సింది అతను. 2018 నుంచి టి.బి. ఉన్నవాళ్ళకు తిండి కోసం నెలకు 500 రూపాయలు ఖాతాలో వేయడం మొదలైంది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. వారానికి మూడు రోజుల పద్ధతి పోయి రోజూ వేసుకునే మాత్రలు 2017లో వచ్చాయి. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా మందు మీద ఉండి వలస పోవాల్సి వస్తే, పోయేముందు చెప్పండి. తిట్టినా చెప్పండి.

తిట్టడం గురించి ఇంకొంచెం. మన ఆసుపత్రుల్లో అందరికీ తెలిసిన, ఖర్చులేని చికిత్స అదే. దాని చెడు ఎక్కడుందంటే, తిట్టు తిన్న మనిషి తర్వాత అబద్ధం చెప్తాడు. బి.పి. మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అని డాక్టర్ అడుగుతాడు. వేసుకోకపోయినా భయంతో ఆఁ అంటాడు. బి.పి. ఎక్కువే ఉంది కాబట్టి డాక్టర్ మోతాదు పెంచుతాడు. ఎప్పుడో ఒకరోజు కొడుకు దగ్గరుండి అన్ని మాత్రలూ మింగిస్తాడు. బి.పి. దబుక్కున పడి మనిషి కళ్ళు తిరిగి కింద పడతాడు. తప్పు ఎవరిది? తెలిసిన డాక్టర్లు ఇట్లా అడగరు. "అందరూ మర్చిపోతుంటారు, పోయిన వారంలో మీకు ఎన్ని తప్పినాయి?" అని అడుగుతారు. తప్పడం మామూలే అన్నట్టు అడిగితే నిజం బయటికొస్తుంది. అట్లాగే "అర్థమైందా?" అని అడగకుండా "ఇంటికి పోయి మీ ఆడోళ్ళకు ఎట్లా చెప్తావో నాకు చెప్పు" అంటారు. అర్థమైందా అంటే ఎవడైనా ఆఁ అనే అంటాడు. క్లాసులో మనమూ అంతే కదా.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ గజ్జి. డాక్టర్ పర్మెత్రిన్ మందు రాసిస్తాడు. రాత్రి మెడ నుంచి కాలి వేళ్ళ దాకా పట్టించి, 8 నుంచి 12 గంటలు ఉంచి కడుక్కోవాలి, వారం తర్వాత మళ్ళీ పట్టించాలి. గదిలో ఉన్న అందరూ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి పట్టించాలి. బట్టలూ దుప్పట్లూ వేడి నీళ్ళలో ఉతకాలి. మేము చదివే రోజుల్లో మాలో ఒకడు నెలలో మూడోసారి గోక్కుంటూ పోతే డాక్టర్ "మీ హాస్టలోళ్ళు చెప్తే వినరు" అని చీటీ విసిరాడు. వాడు తనకిచ్చిన ట్యూబు నిజంగానే పట్టించాడు. కానీ గదిలో ఇరవై మంది, ట్యూబు ఒకటి, దుప్పటి ఒకటి, వేడి నీళ్ళు సున్న. పైగా క్రిమి చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుందని ఎవరూ చెప్పలేదు కాబట్టి మందు పనిచేయలేదనే అనుకున్నాం. అప్పటి వార్డెన్ గారు స్వయంగా పోయి గదికి సరిపడా మందు రాయించుకొచ్చి, ఒక శనివారం రాత్రి అందరికీ పట్టించి, ఆదివారం వంటపాత్రల్లో నీళ్ళు కాయించి దుప్పట్లు ముంచారు. వంటమనిషి అన్న గొణిగినా గజ్జి పోయింది. ఇరవై మంది ఒక్క రాత్రిలో 'మాట వినే పేషెంట్లు' అయిపోయారు.

ఇదంతా చదివి తప్పు ఎప్పుడూ ఆసుపత్రిదే అంటున్నామని అనుకోకండి. నైట్ డ్యూటీ చేసే మాలో ఒకరిని అడిగితే వేరే కథలు చెప్తారు. ఓ.పి.లో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు మాత్రమే దొరికే డాక్టర్ మీద పడే ఒత్తిడి బయటివాళ్ళకు తెలియదు. తాగి వచ్చి చొక్కా పట్టుకునేవాళ్ళు, ఒక పేషెంటుతో పాటు వచ్చి వీడియో తీసే పదిహేను మంది, ఇవన్నీ నిజమే. 2023 మే 10న కేరళలోని కొట్టారక్కరలో వందనా దాస్ అనే యువ డాక్టర్‌ను, పోలీసులు వైద్యం కోసం తీసుకొచ్చిన మనిషే పొడిచి చంపాడు. మన రాష్ట్రంలో ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ళ వరకు జైలు, 50 వేల వరకు జరిమానా అని 2008లోనే చట్టం వచ్చింది. అందుకే తెలిసినవాళ్ళు గొడవపడే పేషెంటు దగ్గరికి ఒంటరిగా పోరు, తలుపుకు తమ మధ్య దారి ఉంచుకుంటారు, కత్తెరలు చేతికందకుండా తీసేస్తారు, గొంతు పెంచరు.

డాక్టర్ అసలు చూడనని అనొచ్చా? 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం అడిగిన ప్రతివాళ్ళకూ వైద్యం చేయాలనే కట్టడి లేదు, కానీ ఒకసారి చేపట్టాక నిర్లక్ష్యం చేయకూడదు. దూషించే, కొట్టే పేషెంట్లకు వైద్యం నిరాకరించవచ్చని 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చింది గానీ అదే నెలలో దాన్ని పక్కన పెట్టారు. ఎమర్జెన్సీలో మాత్రం ఏ నియమమూ వదిలేయమని చెప్పదు.

పైగా గొడవపడేవాళ్ళలో కొందరిది గొడవే కాదు. ఒక రాత్రి రెండు గంటలకు ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, మాట తడబాటు, పట్టుకోబోతే తోసేస్తున్నాడు. తాగాడని వార్డు బాయ్ మూల కూర్చోబెట్టబోయాడు. వాసన లేదు కదా అని వేలు గుచ్చి చూస్తే షుగర్ 34. గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి లేచి కూర్చుని, "నా చెప్పులు యాడబెట్నారు నాయనా?" అని మర్యాదగా అడిగాడు. షుగర్ మాత్ర వేసుకుని రాత్రి అన్నం తినలేదట. షుగర్ పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, ఆక్సిజన్ తగ్గినా, గట్టి జ్వరం మెదడుకెక్కినా, రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేసినా మనిషి ఇట్లాగే తిరగబడతాడు. అందుకే ఎవడైనా ఉన్నట్టుండి 'మాట వినని పేషెంటు' అయితే ముందు షుగర్, ఆక్సిజన్ చూడాలి, తర్వాతే గుణం సంగతి. నర్సింగ్‌లో చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే ఎప్పుడో ఒక రాత్రి ఒక ప్రాణం నిలుస్తుంది.

చివరగా, వరండాలో నిలబడేవాళ్ళకు పనికొచ్చేవి రెండు. ఇంటికి పోతామంటే లామా కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆ సంతకం పెడితే మళ్ళీ ఆ ఆసుపత్రికి రాకూడదని మనవాళ్ళలో చాలామంది భయం. అట్లాంటిదేమీ లేదు. జరగబోయే ప్రమాదం మాకు చెప్పారు, అయినా పోతున్నాం అనేదే దాని అర్థం. ఆ ప్రమాదం ఏమిటో తెలుగులో చెప్పమని అడిగాకే సంతకం పెట్టండి, మందుల చీటీ తీసుకునే బయటికి రండి. తెలివితో ఉన్న పెద్దమనిషికి వైద్యం వద్దనే హక్కు ఉంది, అతని ఒప్పుకోలు లేకుండా ఆపరేషన్ చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది. రెండోది, కేస్‌షీట్ నకలు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది. అడిగి తీసుకోండి. మీ ఇంట్లోవాళ్ళ గురించి అందులో ఏం రాశారో ఇంగ్లీషు చదవగలిగిన మీరే చదివి చెప్పాలి.

ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. పిల్లలకు పేషెంటుతో ఎట్లా మాట్లాడాలో 2019 బ్యాచ్ నుంచి పాఠంగానే పెట్టారు. మన హాస్టల్ నుంచి ఆ పాఠం చదివినవాళ్ళు వస్తే వచ్చే సంచికలో ఈ వ్యాసానికి జవాబు రాయాలి. మేము రాసినదాంట్లో తప్పులుంటే దిద్దాలి.

ఆ పదో తరగతి పిల్లవాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు వాడికి చదివి వినిపించాం. వాళ్ళ నాయన కార్డు మీది మాట సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రాయండన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు.